ఏతెకాఫ్

ఏతెకాఫ్ అంటే ఆరాధనా సంకల్పంతో మసీదులో బస చేసి, అనుకున్న గడువు తీరేవరకు తప్పనిసరి అవసరం ఉంటే తప్ప దాని హద్దు దాటకుండా ఉండటం. అరబ్బీలో ఒకచోటును అంటిపెట్టుకుని ఉండటాన్ని సూచించే ధాతువు నుంచి వచ్చిన పేరిది. ఏతెకాఫ్‌లో ఉన్న వ్యక్తిని ముఅతకిఫ్ అంటారు. సంవత్సరంలో ఎప్పుడైనా పాటించవచ్చు గానీ, ఆచరణలో దీనికి స్థిరపడిన కాలం రంజాన్ నెల చివరి పది రోజులు.

ఏకాంత సాధన అనగానే అడవి, గుహ, కొండకొమ్ము గుర్తొస్తాయి. ఇస్లాం ఆరంభ కథలోనూ గుహ ఉంది. దివ్యవాణి అవతరించక ముందు ముహమ్మద్ ప్రవక్త మక్కా పక్కనున్న హిరా గుహలో రోజుల తరబడి ధ్యానంలో గడిపేవారని సంప్రదాయ చరిత్ర చెబుతుంది. ప్రవక్త అయ్యాక ఆయన సాధన కోసం మళ్లీ ఆ గుహకు వెళ్లలేదు. మదీనాలో ఏటా ఏకాంతంలో కూర్చున్నది మసీదులో. ఆ మసీదు రోజుకు ఐదుసార్లు జనంతో నిండేది. బయటి తెగల రాయబారులు వచ్చేది, తగవులు తీరేది, ఇల్లూ వాకిలీ లేని పేదలు తలదాచుకునేదీ అక్కడే. ఊళ్లో అంతకంటే రద్దీ ఉన్న చోటు మరొకటి ఉండి ఉండదు. ఏతెకాఫ్ ప్రత్యేకత అంతా ఈ ఎంపికలోనే ఉంది. జనాన్ని వదిలిపోవడం కాకుండా జనం మధ్యే ఒక గీత గీసుకుని దాని లోపల ఉండటం ఇది. అందుకే దీని ధర్మశాస్త్రం ధ్యానపద్ధతుల గురించి చెప్పేది తక్కువ, గడప గురించి చెప్పేది ఎక్కువ.

తెలుగు పాఠకులకు ఎరుకైన అయ్యప్ప దీక్షతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. మాల వేసుకున్న స్వామి నియమాలు పాటిస్తూనే ఆఫీసుకు వెళ్తాడు, దుకాణం నడుపుతాడు. దీక్ష ఆయనతో పాటు ఊరంతా తిరుగుతుంది. ఏతెకాఫ్ చోటుకు కట్టుబడిన దీక్ష. మనిషి ఆ చోటు విడిచాడా, దీక్ష పోయినట్టే.

ఆధారాలు

ఖుర్ఆన్‌లో దీని ప్రస్తావన క్లుప్తంగా రెండు చోట్ల ఉంది. రెండో అధ్యాయం 125వ వాక్యంలో ఇబ్రాహీం, ఇస్మాయీల్ ప్రవక్తలకు కాబా గృహాన్ని ప్రదక్షిణ చేసేవారి కోసం, అందులో నిలిచి ఉండేవారి కోసం, నమాజు చేసేవారి కోసం శుభ్రంగా ఉంచమన్న ఆదేశం ఉంది. అదే అధ్యాయం 187వ వాక్యంలో ఉపవాస నియమాల చివర, మసీదుల్లో ఏతెకాఫ్‌లో ఉన్నప్పుడు భార్యలతో దాంపత్యానికి దూరంగా ఉండాలన్న నిషేధం ఉంది. మిగతా వివరమంతా హదీసుల నుంచి, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల నుంచి వచ్చిందే.

ఆ హదీసుల్లో ఎక్కువ భాగం ప్రవక్త భార్య ఆయిషా చెప్పినవి. ఆమె గది తలుపు మసీదులోకే తెరుచుకునేది. ప్రవక్త మరణించే దాకా ఏటా రంజాన్ చివరి పది రోజులు ఏతెకాఫ్ పాటించారని, తర్వాత ఆయన భార్యలూ పాటించారని ఆమె కథనం. ఆమె చెప్పిన చిన్న సంగతి ఒకటి శాస్త్రకారులకు ఎంతగానో పనికొచ్చింది. ప్రవక్త మసీదులోనే ఉండి తల మాత్రం ఆమె గదివైపు వంచేవారు, ఆమె తన గదిలో కూర్చునే ఆయన జుట్టు దువ్వేది. బహిష్టు రోజుల్లో కూడా. దీన్నుంచి శాస్త్రకారులు తీసిన తీర్పులు ఒకటి రెండు కావు. శరీరంలో కొంత భాగం గడప దాటినంత మాత్రాన మనిషి బయటికి వెళ్లినట్టు కాదు. తల దువ్వుకోవడం, శుభ్రత చూసుకోవడం ఏతెకాఫ్‌కు విరుద్ధం కావు. భార్య తాకినంత మాత్రాన దీక్ష చెడదు.

ఇంకో భార్య సఫియ్యా ఒక రాత్రి ఆయన్ను చూడటానికి మసీదుకు వచ్చి కాసేపు మాట్లాడి వెళ్తుంటే, ఆయన లేచి తలుపు దాకా సాగనంపారు. అటుగా పోతున్న ఇద్దరు మదీనా వాసులు వాళ్లను చూసి అడుగుల వేగం పెంచారు. ప్రవక్త వారిని ఆపి, ఈమె నా భార్య సఫియ్యా అని చెప్పారు. మిమ్మల్ని శంకిస్తామా అని వాళ్లు నొచ్చుకుంటే, సైతాను మనిషిలో నెత్తురులా పారుతుంటాడని, వాళ్ల మనసులో ఏదైనా పడుతుందేమోనని చెప్పానని జవాబిచ్చారు. ఏతెకాఫ్‌లో ఉన్నవారిని ఇంటివాళ్లు వచ్చి చూడవచ్చని, మాట్లాడవచ్చని చెప్పడానికి ఈ ఘటనే ఆధారం.

పది రోజుల గడువు చివరి భాగంలో స్థిరపడటానికి కారణం ప్రవక్త సహచరుడు అబూ సయీద్ అల్ ఖుద్రీ కథనంలో దొరుకుతుంది. ప్రవక్త మొదట నెల తొలి పది రోజులు, తర్వాత నడిమి పది రోజులు తలుపుకు చాప వేలాడదీసిన తుర్కీ గుడారంలో కూర్చున్నారు. తాను వెతుకుతున్న రాత్రి చివరి పదిలో ఉందని తెలిశాక అక్కడికి మార్చారు. ఆ ఏడు ఇరవై ఒకటో రాత్రి వాన పడి, ఖర్జూరపు మట్టలు కప్పిన కప్పు కారి, తెల్లవారి నమాజు తర్వాత ఆయన నుదుటి మీద బురద కనిపించిందని అబూ సయీద్ గుర్తుచేసుకున్నారు. ఆ వెతుకులాట లైలతుల్ ఖద్ర్ కోసం. ఖుర్ఆన్ అవతరణ మొదలైన రాత్రి అది. వెయ్యి నెలల కంటే మేలైనదని 97వ అధ్యాయం చెబుతుంది. చివరి పదిలోని బేసి రాత్రుల్లో దాన్ని వెతకమని హదీసులు చెబుతాయి. మన దేశంలో 27వ రాత్రిని షబే ఖద్ర్‌గా జాగరణతో గడపడం వాడుక. ఏ రాత్రో ఖాయంగా తెలియనప్పుడు పది రాత్రులూ మసీదులోనే ఉండిపోతే అది తప్పిపోదు కదా అన్నది ఏతెకాఫ్ వెనకున్న లెక్క. మరణించిన సంవత్సరం ప్రవక్త ఇరవై రోజులు కూర్చున్నారని బుఖారీ సంకలనంలో ఉంది.

ఒక ఏడాది మాత్రం ఆయన రంజాన్ ఏతెకాఫ్ మానేశారు. ఆయిషా అనుమతి అడిగి మసీదులో గుడారం వేసుకుంది. అది చూసి ప్రవక్త మరో భార్య హఫ్సా, ఆమెను చూసి ఇంకో భార్య జైనబ్ వేసుకున్నారు. ఉదయం లేచి చూస్తే మసీదులో వరసగా గుడారాలు. వీళ్లు కోరుతున్నది నిజంగా పుణ్యమేనా అని ప్రశ్నించి, అన్నీ తీయించి, తానూ విరమించి, ఆ పది రోజులను రంజాన్ తర్వాతి షవ్వాల్ నెలలో తీర్చుకున్నారు. దీన్ని స్త్రీల ఏతెకాఫ్‌కు వ్యతిరేకంగా వాడుకున్నవారున్నారు, అనుకూలంగా వాడుకున్నవారూ ఉన్నారు. కథనంలో మందలింపు పోటీకి తగిలిందే తప్ప స్త్రీలకు తగిలినట్టు లేదు. మొదట ఆయిషాకు అనుమతి దొరికిన సంగతి అందులోనే ఉంది.

గడప శాస్త్రం

సున్నీల్లో హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అని నాలుగు ధర్మశాస్త్ర శాఖలున్నాయి. వాటిలో హనఫీ శాస్త్రం ఏతెకాఫ్‌ను మూడు రకాలుగా చూస్తుంది. మొక్కుకుంటే అది వాజిబ్, తీర్చి తీరాలి. రంజాన్ చివరి పది రోజులది సున్నతె ముఅక్కదా, అంటే ప్రవక్త విడవకుండా పాటించినందున గట్టిగా సిఫారసు చేసిన ఆచారం. మిగతాదంతా నఫిల్, ఐచ్ఛికం. ఐచ్ఛిక ఏతెకాఫ్‌కు ఇమాం ముహమ్మద్ షైబానీ అభిప్రాయంలో కనీస గడువు లేదు. నమాజుకు వచ్చినవాడు లోపలికి అడుగుపెడుతూ సంకల్పం చేసుకుంటే ఉన్నంతసేపూ ఏతెకాఫే. మసీదుల్లో బస చేస్తూ ఊరూరా తిరిగే తబ్లీగీ జమాత్ సభ్యులు ఈ సంకల్పంతోనే లోపల నిద్రపోతారు.

రంజాన్ ఏతెకాఫ్‌కు హనఫీలు చేర్చిన విశేషణం ఒకటుంది: కిఫాయా. మహల్లాలో (పేటలో) ఒక్కరు కూర్చుంటే అందరి బాధ్యతా తీరుతుంది. ఒక్కరూ కూర్చోకపోతే తప్పు అందరిదీ. ఒక వ్యక్తి ఏకాంతం ఊరందరి లెక్కలో జమ కావడం విచిత్రంగా అనిపించవచ్చు. కానీ ఈ ఆచారం జనం మధ్య ఎందుకు పుట్టిందో అర్థం చేసుకుంటే ఇందులో వింత ఉండదు.

ఉపవాసం తప్పనిసరా కాదా అన్న చర్చకు మూలం ప్రవక్త సహచరుడు ఉమర్. ఇస్లాం స్వీకరించక ముందు కాబా మసీదులో ఒక రాత్రి ఏతెకాఫ్ ఉంటానని ఆయన మొక్కుకున్నారు. ఆ మొక్కు తీర్చుకోమని ప్రవక్త చెప్పారు. రాత్రిపూట ఉపవాసం ఉండదు కాబట్టి ఏతెకాఫ్‌కు అది షరతు కాదన్నది షాఫయీ, హంబలీల వాదన. ఇదే కథనం మరో పాఠంలో రాత్రి బదులు పగలు అని ఉంది. మాలికీలు ఉపవాసం లేని ఏతెకాఫ్‌ను ఒప్పుకోరు, హనఫీలు మొక్కు ఏతెకాఫ్‌కు దాన్ని షరతు చేశారు. రంజాన్‌లో ఎలాగూ అందరూ ఉపవాసంలో ఉంటారు కనుక సామాన్యుడికి ఈ చర్చ తగలదు.

సామాన్యుడికి తగిలేది బయటికి వెళ్లే విషయం. మరుగుదొడ్డికి, వుజూకు (నమాజు ముందు చేసే శుద్ధికి), విధిగా చేయాల్సిన స్నానానికి వెళ్లవచ్చు. తానున్న మసీదులో జుమా (శుక్రవారపు) నమాజు జరగకపోతే జరిగే మసీదుకు వెళ్లిరావచ్చు. పని కాగానే తిరిగి రావాలి. రోగిని పరామర్శించడానికి, జనాజాకు (అంత్యక్రియలకు) వెళ్లడానికి వీల్లేదని ఎక్కువమంది అభిప్రాయం. పనిమీద ఇంట్లోకి వెళ్లినప్పుడు అక్కడ జబ్బుపడ్డవారుంటే నడుస్తూనే కుశలం అడిగేదాన్నని, ఆగేదాన్ని కాదని ఆయిషా చెప్పింది. కారణం లేకుండా ఒక్క క్షణం బయట ఉన్నా ఏతెకాఫ్ భంగమేనని హనఫీ శాఖ మూలపురుషుడు అబూ హనీఫా అంటే, సగం రోజు మించితేనే భంగమని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ అన్నారు. గురువు లెక్కకూ శిష్యుల లెక్కకూ ఇంత దూరం ఉన్నచోట జాగ్రత్తపరులు గురువునే పట్టుకున్నారు.

ఇంతకీ మసీదు అంటే ఎంతవరకు? మన మసీదుల్లో నమాజు చేసే హాలు, దాని ముందు వరండా, ఆవల వుజూఖానా, ఇమాం గది, చెప్పులు విడిచే చోటు ఉంటాయి. అన్నీ ఒకే ప్రహరీలో ఉన్నా అన్నీ మసీదు కావు. వఖ్ఫ్ చేసినప్పుడు, అంటే ధర్మానికి అంకితం చేసినప్పుడు, నమాజు కోసమని కేటాయించిన భాగమే శాస్త్రం దృష్టిలో మసీదు. అందుకే కొత్తగా కూర్చునేవారు మొదటి రోజే కమిటీని అడిగి హద్దులు తెలుసుకోవాలని ఫత్వా (ధర్మశాస్త్ర అభిప్రాయాల) గ్రంథాలు పదేపదే హెచ్చరిస్తాయి. ఎండ భరించలేక చల్లదనం కోసం స్నానానికి వెళ్తే ఏతెకాఫ్ ఉంటుందా అన్నది ఉపఖండపు ఫత్వాలలో తరచూ కనిపించే ప్రశ్న. చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో చివరి పది రోజులు జూన్ మొదటి పక్షంలో పడ్డాయి. ఆ ఉక్కలో పది రోజులు ఉపవాసంతో హాల్లోనే ఉండాల్సినవారికి అది పుస్తకాల్లో మిగిలే ప్రశ్న కాదు. వుజూకు వెళ్లినప్పుడు ఆ కాస్త సమయంలోనే నాలుగు చెంబులు పోసుకుని రావచ్చని కొందరు ముఫ్తీలు దారి చూపారు.

లోపల తినవచ్చు, నిద్రపోవచ్చు, మాట్లాడవచ్చు. సరుకు లోపలికి తేకుండా ఇంటి అవసరానికి కొనుగోలు మాట ఖాయం చేసుకోవడాన్ని హనఫీలు ఒప్పుకున్నారు. నిషేధాల్లో ముఖ్యమైనది దాంపత్యం. మౌనమే ఆరాధన అనుకుని నోరు కట్టుకోవడాన్ని మాత్రం శాస్త్రకారులు మెచ్చుకోలేదు. సమయమంతా నమాజు, ఖుర్ఆన్ పారాయణం, దైవనామ స్మరణ, దుఆలతో (వేడుకోళ్లతో) గడవాలి. పాఠాలు చెప్పడం, రాతకోతలు పెట్టుకోవడం మాలికీలకు నచ్చదు, షాఫయీలకు అభ్యంతరం లేదు. పారాయణం విషయంలో హదీసు సంకలనకర్త అబూ దావూద్ నమోదు చేసిన ఘటన ఉంది. మసీదులో కొందరు గట్టిగా చదువుతుంటే ఏతెకాఫ్‌లో ఉన్న ప్రవక్త తెర తొలగించి, ప్రతి ఒక్కరూ తన ప్రభువుతో మాట్లాడుకుంటున్నారు, ఒకరి గొంతు ఇంకొకరికి ఇబ్బంది కాకూడదన్నారు. చెవి పక్కనే సెల్‌ఫోన్లు మోగే నేటి మసీదుల్లో ఈ హదీసును గోడమీద అంటించినా తప్పు లేదు.

ఖల్వత్, చిల్లా

సూఫీల ఏకాంత సాధన అయిన ఖల్వత్‌ను, నలభై రోజుల చిల్లాను ఏతెకాఫ్‌తో కలిపేయడం జరుగుతుంటుంది. మూడింటికీ చుట్టరికం ఉంది గానీ ఒకటి కావు. ఖల్వత్‌కు మూసిన గది కావాలి, గురువు ఆజ్ఞ కావాలి, జపానికి పద్ధతి ఉంటుంది. ఏతెకాఫ్‌కు గురువు అక్కర్లేదు. జమాతుతో (సామూహికంగా) చేసే నమాజు తప్పించుకోవడానికి వీల్లేదు. రెండూ ఒకే మనిషిలో కలిసిన సందర్భం ధర్మశాస్త్ర పండితుడు ఇమాం గజాలీది. 1095లో బాగ్దాద్‌లో పెద్ద పదవి వదిలేసి సిరియా చేరిన ఆయన, దమిష్క్ మసీదులో ఏతెకాఫ్ ఉంటూ పగలంతా మినార్ ఎక్కి తలుపు వేసుకునేవాణ్నని ఆత్మకథలో రాసుకున్నారు. మసీదులోనే ఉన్నా ఆయనకు ఇంకో తలుపు కావలసి వచ్చింది.

స్త్రీలు

స్త్రీలు ఎక్కడ కూర్చోవాలన్న దానిమీద భేదం పాతది. ఇంట్లో నమాజుకు కేటాయించుకున్న చోటే స్త్రీకి మసీదని హనఫీలంటారు. ఖుర్ఆన్ వాక్యం మసీదుల్లో అనే చెప్పింది కాబట్టి స్త్రీకైనా మసీదే కావాలని మిగతా మూడు శాఖలు అంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముస్లింలలో అత్యధికులు హనఫీలు కాబట్టి ఇక్కడి స్త్రీలు ఇంట్లోనే ఒక మూల పరదా కట్టుకుని కూర్చుంటారు. ఆ పది రోజులు వంటగది వేరే చేతుల్లోకి పోవాలి. ఇంట్లో ఇంకో ఆడమనిషి సాయం లేకపోతే కుదరదు కాబట్టి కోరిక ఉన్నా కూర్చోలేనివారే ఎక్కువ. హైదరాబాద్ బార్కస్‌లోని హద్రమీ అరబ్బు మూలాల కుటుంబాలు షాఫయీ శాఖకు చెందినవి. వారి శాస్త్రం ప్రకారం ఇంటి మూల చెల్లదు.

షియాలు

షియా శాస్త్రంలో కనీస గడువు మూడు రోజులు, ఉపవాసం షరతు. రెండు రోజులు పూర్తిచేస్తే మూడోది తప్పనిసరి అవుతుంది. దాంపత్యంతో పాటు సుగంధాలు వాసన చూడటం, క్రయవిక్రయాలు, గెలుపు కోసం వాదించడం నిషిద్ధాలు. మక్కా, మదీనా, కూఫా, బస్రా మసీదుల్లోనే చెల్లుతుందని పాత పండితుల్లో చాలామంది అన్నారు. తర్వాతివారు ఊరి జామె మసీదులకూ విస్తరించారు. సున్నీల్లోనూ మక్కా, మదీనా, జెరూసలేం తప్ప ఇంకెక్కడా చెల్లదన్న చిన్న వర్గం ఉంది. ఇరాన్‌లో ఏతెకాఫ్ రజబ్ నెల 13, 14, 15 తేదీలకు ముడిపడింది. 13 ఇమాం అలీ పుట్టినరోజు. గత కొన్ని దశాబ్దాల్లో అది యువత పండుగలా మారింది. విశ్వవిద్యాలయ మసీదులూ నిండిపోతాయి.

మన ఊళ్లలో

ఇక్కడ రంజాన్ ఇరవయ్యో రోజు సాయంత్రం, మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) లోపు, పరుపుచుట్టతో మసీదు చేరతారు. హాల్లో వెనకవైపో, ఒక మూలనో తాడు కట్టి దుప్పట్లతో పరదా వేస్తారు. సహరీ, ఇఫ్తార్ భోజనాలు ఇంటినుంచి వస్తాయి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా గిన్నెలు పంపడం పుణ్యమనుకుంటారు. తమకోసం దుఆ చేయమని చీటీలు రాసిచ్చేవారుంటారు. గడువు షవ్వాల్ నెలవంకతో ముగుస్తుంది. 29వ నాడే చంద్రుడు కనిపిస్తే తొమ్మిది రోజులే అవుతుంది, అయినా పూర్తయినట్టే. బయటికి వచ్చినవారికి పూలదండలు వేసి, ఆలింగనం చేసుకుని ఇంటిదాకా తీసుకెళ్లడం చాలాచోట్ల ఉంది.

ఇదంతా వినడానికి బాగుంటుంది గానీ, కిఫాయా బరువు ఎవరిమీద పడుతోందో కూడా చూడాలి. పది రోజులు పని మానుకోగలవాడు కావాలి. రోజు కూలీకి, ఆటో నడిపేవాడికి పండుగ ముందు పది రోజులంటే సంపాదనకు ఆయువుపట్టు. చిన్న ఊళ్లలో ఇరవయ్యో రోజు దగ్గరపడేకొద్దీ కమిటీ పెద్దలు ఎవరో ఒకరిని బతిమాలడం, చివరికి ఏ వృద్ధుడో ఒప్పుకోవడం జరుగుతుంది. డబ్బిచ్చి కూర్చోబెడితే చెల్లుతుందా అన్న ప్రశ్న ఫత్వా పుస్తకాల్లో ఉందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. ఆరాధనకు కూలి తీసుకోవడం, ఇవ్వడం రెండూ తప్పేనని జవాబు.

దీనికి పూర్తి విరుద్ధంగా ఉండేది సామూహిక ఏతెకాఫ్. సహారన్‌పూర్ మజాహిరుల్ ఉలూం పండితుడు మౌలానా ముహమ్మద్ జకరియా కాంధల్వీ (1898–1982) రంజాన్ నెల మొత్తం ఏతెకాఫ్‌లో ఉండేవారు. ఆయనతో పాటు వందలమంది శిష్యులు కూర్చునేవారు. ఆయన రాసిన ఫజాయిలె రంజాన్ పుస్తకంలో ఏతెకాఫ్‌కు ఒక అధ్యాయమే ఉంది. పాకిస్తాన్‌లోని లాహోర్, కరాచీలలో సంస్థలు నడిపే శిబిరాలకు వేలమంది వస్తారు. ప్రసంగాలు, బోధన, భోజనాల ఏర్పాటు అన్నీ ఉంటాయి. అక్కడ నేర్చుకునేది చాలా ఉండవచ్చు. తెర తొలగించి గొంతు తగ్గించమన్న హదీసు లౌడ్‌స్పీకర్ల మధ్య ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి.

తాళంచెవి ఎవరిది

రాత్రంతా మసీదులో మనుషులు ఉండటమంటే ఆ మసీదు తాళం ఎవరి చేతిలో ఉందో వారికి సంబంధించిన వ్యవహారం కూడా. ఈజిప్టులో వఖ్ఫ్ మంత్రిత్వ శాఖ ఏయే మసీదుల్లో ఏతెకాఫ్ ఉండవచ్చో నిర్ణయిస్తుంది, కూర్చునేవారు ముందుగా పేర్లు నమోదు చేయించుకోవాలి. జెరూసలేంలోని అల్ అఖ్సా మసీదు ప్రాంగణంలో చివరి పది రోజులు తప్ప మిగతా రాత్రుల్లో లోపల ఉండటాన్ని ఇజ్రాయెల్ పోలీసులు అడ్డుకుంటూ వచ్చారు. 2023 ఏప్రిల్ 5 తెల్లవారకముందు, రంజాన్ సగం కూడా కాకముందే, పోలీసులు ఆ ప్రాంగణంలోని ఖిబ్లీ మసీదులోకి ప్రవేశించి 350 మందికి పైగా అరెస్టు చేశారు. రాళ్లు, బాణసంచాతో తలుపులు మూసుకుని ఉన్నారని పోలీసులు, ఏతెకాఫ్‌లో ఉన్నవారిని కొట్టారని పాలస్తీనీయులు చెప్పారు.

కోవిడ్ కాలంలో 2020, 2021 రంజాన్‌లలో మక్కా, మదీనా మసీదుల్లో ఏతెకాఫ్ నిలిపివేశారు. మన దేశంలో 2020 లాక్‌డౌన్‌లో మసీదుల్లో ఇమాం, మౌజన్ (అజాన్ ఇచ్చేవారు) లాంటి నలుగురైదుగురే మిగిలారు. కిఫాయా నియమం అప్పుడు అక్కరకొచ్చింది. లోపలున్న ఒక్కరు సంకల్పం చేసుకుంటే మహల్లా బాధ్యత తీరినట్టే. మగవాళ్లు ఇంట్లో కూర్చోవచ్చా అంటే నాలుగు శాఖల సాధారణ సమాధానం కుదరదనే. ఇంటి మూలలో కూర్చునే హనఫీ స్త్రీలకు మాత్రం ఆ ఏడు ఏ మార్పూ రాలేదు. 2022 నుంచి రెండు పవిత్ర మసీదుల్లో మళ్లీ అనుమతిస్తున్నారు. పేరు నమోదు, ముందస్తు అనుమతి తప్పనిసరి, స్థలాలు పరిమితం.